యుద్ధం జరుగుతుంటే డాక్టర్లు ప్రకటనలు ఇవ్వడం తప్ప ఏమైనా చేయగలరా?

తమ్ముడూ, నీ ప్రశ్నని నాకు అర్థమైనంత వరకు ముందు మళ్లీ చెబుతాను. ఎక్కడ యుద్ధం మొదలైనా డాక్టర్ల సంఘాలు "ఆస్పత్రుల మీద దాడులు ఆపండి" అని ఒక ప్రకటన ఇస్తాయి, బాంబులు మాత్రం పడుతూనే ఉంటాయి, అలాంటప్పుడు వైద్యులుగా మనం నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా, ఉంటే ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్‌లో ఉన్న నేను ఏం నేర్చుకోవాలి అని అడిగావు. ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ 2022లో అన్నీ వదిలేసి ఇంటికొచ్చిన మీ అక్క సంగతి కూడా రాశావు. నేను జనరల్ సర్జన్ని. కొన్నేళ్లు యుద్ధ ప్రాంతాల్లోని ఆస్పత్రుల్లో పనిచేశాను, ఇప్పుడు ఇక్కడే పీజీలకి ట్రామా నేర్పుతున్నాను. ఆ అనుభవంతో, చదివినదానితో చెబుతున్నాను.

చేయగలిగింది చాలా ఉంది. కాకపోతే సినిమాల్లో చూపించినట్టు టెంటులో టార్చిలైట్ వెలుగులో బుల్లెట్ తీయడం అందులో చాలా చిన్న భాగం. అసలు బుల్లెట్ తీయాల్సిన అవసరం చాలాసార్లు ఉండనే ఉండదు, కీలులోనో, నరం మీదో, పెద్ద రక్తనాళం పక్కనో ఇరుక్కుంటే తప్ప లోపల ఉండిపోయినా మనిషి బతికేస్తాడు. యుద్ధంలో జనం ఎక్కువగా చచ్చిపోయేది బుల్లెట్ తర్వాత వచ్చే వాటితో. ఇది అర్థమైతే నీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

పాత ఉదాహరణ చూడు. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్లిన బ్రిటిష్ సైన్యంలో గాయాలతో పోయినవాళ్ల కంటే కలరా, టైఫస్, విరేచనాలతో పోయినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. టర్కీలోని వాళ్ల స్కుటారి ఆస్పత్రిలో 1855 ఫిబ్రవరి నాటికి మరణాల రేటు 40 శాతం దాటింది. నైటింగేల్ దీపం పట్టుకుని వార్డులో తిరిగే బొమ్మ మనం స్కూల్లో చూశాం గానీ, ఆ ఆస్పత్రి కిందే మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయని, 1855 మార్చిలో వచ్చిన శానిటరీ కమిషన్ వాటిని కడిగించి గాలి ఆడేలా చేశాకే చావులు బాగా తగ్గాయని మనకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకి కూడా ఆ సంగతి పూర్తిగా తెలిసింది యుద్ధం అయిపోయాక, విలియం ఫార్ అనే గణాంకాల నిపుణుడితో కూర్చుని లెక్కలు తీసినప్పుడే. ఆ లెక్కల్ని 1858లో రంగుల చక్రాల బొమ్మలుగా అచ్చువేయించి ప్రభుత్వం ముందు పెట్టింది. ఆవిడ చేసిన పనులన్నిటిలో నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది.

కాంగోలో 1998 నుంచి 2007 వరకు జరిగినదాని మీద ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ ఇంటింటి సర్వేలు చేసి, మామూలుగా కంటే 54 లక్షల మంది అదనంగా చనిపోయారని అంచనా వేసింది. ఆ అంకె మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, తక్కువే ఉంటుందన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఎక్కువమంది పోయింది మలేరియా, విరేచనాలు, న్యుమోనియా, పౌష్టికాహారం లేకపోవడం వల్లనేనన్న మాట మాత్రం నిలబడింది. ఇవన్నీ మన పీహెచ్‌సీలో మామూలుగా చూసే జబ్బులే. రోడ్డు తెగిపోయి, మందులు రాక, నర్సు పారిపోయి, ఊరంతా అడవిలో దాక్కుంటే అవే ప్రాణాలు తీస్తాయి.

ఇంత దూరం ఎందుకు, 2005 తర్వాత సల్వాజుడుం (మావోయిస్టులకి వ్యతిరేకంగా నడిచిన సాయుధ దళం) రోజుల్లో దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచి వేలాది ఆదివాసీలు ప్రాణభయంతో ఖమ్మం, భద్రాచలం అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. గుత్తికోయలు అని మనం పిలిచేది వాళ్లనే. వాళ్లలో చాలామందికి రేషన్ కార్డు లేదు, దగ్గర్లో రోడ్డు లేదు, బోరు లేదు. యుద్ధ ప్రాంతాల్లో వైద్యం చేసే ఎంఎస్ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) అనే అంతర్జాతీయ సంస్థ వాళ్లు 2006 నుంచి ఆ సరిహద్దుకి ఇటూ అటూ మొబైల్ క్లినిక్‌లు నడిపారు. అక్కడ చూసింది ఎక్కువగా మలేరియా, చర్మవ్యాధులు, బలహీనమైన పిల్లలు, కాన్పులు. యుద్ధం అని ఎవరూ పేరు పెట్టని చోట కూడా దాని ఖర్చు ఇలాగే ఉంటుంది. మన రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లలో ఎంతమందికి ఈ విషయం తెలుసో ఆలోచించు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ, కొంచెం వివరంగానే రాస్తాను. 1971. తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. వానాకాలం, క్యాంపుల్లో కలరా. పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ అనే ఊళ్లో ఆస్పత్రికి డాక్టర్ దిలీప్ మహలనబిస్ తన టీమ్‌తో వెళ్లారు. పిల్లల డాక్టర్, కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. రెండు గదులు, నేలంతా కలరా రోగులు. సెలైన్ పెట్టాలంటే వాంతులు, విరేచనాల మధ్యే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఒకటి రెండు రోజుల్లోనే ఆయనకి అర్థమైపోయింది, ఉన్న సెలైన్ బాటిళ్లు చాలవు, ఐవీ పెట్టడం వచ్చినవాళ్లు టీమ్‌లో ఇద్దరే ఉన్నారు, ఇలా అయితే ఓడిపోతాం అని.

నోటి ద్వారా ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు ఇస్తే కలరాలో కూడా పేగు ఆ నీటిని పీల్చుకుంటుందని అప్పటికే ఢాకా, కలకత్తా పరిశోధకులు చూపించారు. గ్లూకోజ్ పేగు గోడ దాటేటప్పుడు సోడియంని వెంట తీసుకెళ్తుంది, సోడియం వెనక నీళ్లు వెళ్తాయి, కలరా విషం ఆ దారిని చెడగొట్టదు. కానీ ఆ ప్రయోగాలన్నీ ఆస్పత్రిలో, కొలతలతో, డాక్టర్ల కళ్లముందు జరిగినవి. క్యాంపులో మామూలు మనుషుల చేతికి ఇవ్వాలంటే పెద్ద డాక్టర్లకి భయం, తప్పుగా కలిపితే ఉప్పు ఎక్కువై ప్రాణానికి ముప్పు అని. మహలనబిస్ ఆ సాహసం చేశారు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలో పొట్లాలు కట్టించి, బన్‌గావ్‌లో కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపి, కప్పుతో పట్టించే పని తల్లులకి, అన్నలకి, అత్తలకి అప్పజెప్పారు. వేల మందికి అలా వైద్యం జరిగింది. అంతకు ముందు నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు 3.6 శాతానికి దిగాయి.

ఆ అంకె ఎలా వచ్చిందో ఒకసారి ఆలోచించు. ఆ గందరగోళంలో కూడా వాళ్లు రిజిస్టర్ రాశారు కాబట్టి వచ్చింది. ఆ లెక్కతో 1973లో పేపర్ వేశారు, కొన్నేళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే విరేచనాల ప్రామాణిక చికిత్స చేసింది, ఈరోజు మన ఆశా కార్యకర్త సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉందంటే ఆ రిజిస్టర్ చలవే. ఆయన 2022లో పోయారు, పద్మవిభూషణ్ పోయాక 2023లో వచ్చింది. బతికుండగా మన దేశంలో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

దీన్ని చూపించి "యుద్ధం వల్లే కదా వైద్యం ముందుకెళ్లింది" అనేవాళ్లు ఉంటారు. ఒప్పుకోను. ఓఆర్ఎస్ సైన్సు శాంతికాలంలో లాబ్‌లో పుట్టింది, యుద్ధం చేసిందల్లా వేరే దారి లేకుండా చేయడమే. కోటి మంది ఇళ్లు వదలకుండా కూడా అది తల్లుల చేతికి వచ్చి ఉండాల్సింది.

ఇక సర్జరీ సంగతి. నువ్వు సర్జన్ అవ్వాలనుకుంటున్నావు కాబట్టి ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. యుద్ధ గాయాన్ని మొదటి రోజే కుట్టేయకూడదు. బయట చిన్న రంధ్రం ఉంటుంది, లోపల కండ చచ్చిపోయి, దాంట్లో మట్టి, బట్ట పీలికలు, గడ్డి, చెప్పు ముక్కలు దూరి ఉంటాయి. చచ్చిన కండని పూర్తిగా కోసి తీసేయాలి. బతికున్న కండకి రంగు ఉంటుంది, గిల్లితే ముడుచుకుంటుంది, కోస్తే రక్తం వస్తుంది, పట్టుకుంటే మెత్తగా జావలా ఉండదు. తీసేశాక బాగా కడిగి, గాజుగుడ్డ వదులుగా పెట్టి, తెరిచే వదిలేయాలి. టెటనస్ టీకా, యాంటీబయాటిక్ ఇచ్చి నాలుగైదు రోజుల తర్వాత థియేటర్‌లో తెరిచి చూసి, శుభ్రంగా ఉంటే అప్పుడు మూయాలి. ముఖం లాంటి కొన్ని చోట్ల మినహాయింపులు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో వేలాది కాళ్లు, ప్రాణాలు పోయాక వంటబట్టిన పాఠం ఇది, కానీ ప్రతి కొత్త యుద్ధంలో సిటీ ఆస్పత్రుల నుంచి వచ్చిన మంచి మంచి సర్జన్లు మొదటి వారంలో నీట్‌గా కుట్లు వేస్తారు, రెండో వారంలో గ్యాస్ గ్యాంగ్రీన్‌తో (కండని కుళ్లబెట్టే ఇన్ఫెక్షన్) కాలు తీసేయాల్సి వస్తుంది. అదే మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగినవాళ్లు నూటికి 80 మంది దాకా చనిపోయేవారు. థామస్ స్ప్లింట్ అనే ఒక ఇనుప చట్రాన్ని యుద్ధరంగంలోనే కట్టి పంపడం మొదలుపెట్టాక అది 20 లోపుకి పడిపోయింది. మందు కాదు, మెషీన్ కాదు, ఇనుప చువ్వ.

ఎవరికి ముందు వైద్యం చేయాలి అన్నది ఇంకో పెద్ద విషయం. నెపోలియన్ సైన్యంలో సర్జన్ అయిన లారే, హోదా చూడకుండా గాయం తీవ్రతని బట్టే ముందూ వెనకా అని పెట్టాడు. ఈ సూత్రం చెప్పడం తేలిక, పాటించడం నరకం. నీ ముందు పడుకున్నవాడు ఇందాకే ఊరి మీద కాల్పులు జరిపినవాడని వార్డు బాయ్ దగ్గర నుంచి అందరికీ తెలుసు, బయట అతని చేతిలో చనిపోయినవాళ్ల బంధువులు ఉన్నారు, రక్తం ఒక్క బ్యాగే ఉంది. అప్పుడు నువ్వు చూడాల్సింది బీపీ, పల్స్, బతికే అవకాశం, అంతే. ఆస్పత్రి గేటు బయట నీకు రాజకీయ అభిప్రాయం ఉండొచ్చు. 1938లో షోలాపూర్‌కి చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో సహా ఐదుగురు డాక్టర్లని మన కాంగ్రెస్ పార్టీ చైనాకి పంపింది, జపాన్ దురాక్రమణకి వ్యతిరేకంగా చైనాకి సాయంగా, అంటే స్పష్టంగా ఒక పక్షం తీసుకునే. కోట్నిస్ అక్కడే ఆస్పత్రి డైరెక్టర్ అయ్యి 1942 డిసెంబర్‌లో 32 ఏళ్లకే చనిపోయారు. పౌరుడిగా ఆయన తీసుకున్న పక్షం మీద నాకు గౌరవమే. కానీ వార్డులో పక్షం మొదలైతే రెండో రోజు నుంచి సగం మంది రోగులు రావడం మానేస్తారు, మూడో రోజు ఎవరో వచ్చి ఆస్పత్రిని తగలబెడతారు.

యుద్ధాన్ని కొంచెంసేపైనా ఆపిన డాక్టర్లు ఉన్నారా అని నువ్వు అడగొచ్చు. ఉన్నారు, అదీ టీకాల కోసం. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం జోరుగా ఉన్న 1985లో యూనిసెఫ్ వాళ్లు, చర్చి పెద్దలు మధ్యలో ఉండి ప్రభుత్వాన్నీ గెరిల్లాలనీ ఒప్పించి మూడు రోజులు కాల్పులు ఆపించారు, పోలియో, తట్టు, ధనుర్వాతం లాంటి వాటికి లక్షల్లో పిల్లలకి టీకాలు వేశారు. ఆ మూడు రోజులకి "ప్రశాంత దినాలు" అని పేరు. 1992లో శాంతి ఒప్పందం అయ్యేదాకా ఏటా ఇలాగే చేశారు. సూడాన్‌లో 1995లో జిమ్మీ కార్టర్ చొరవతో నారికురుపు నిర్మూలన కోసం కాల్పుల విరమణ కుదిరితే అది దాదాపు ఆరు నెలలు నిలిచింది. గాజాలో 2024 ఆగస్టులో పది నెలల పసివాడికి పోలియోతో కాలు చచ్చుబడింది, అక్కడ పాతికేళ్లలో అదే మొదటి కేసు. సెప్టెంబర్‌లో ఒక్కో ప్రాంతంలో కొన్ని గంటల చొప్పున దాడులు ఆపించి మొదటి విడతలోనే ఐదున్నర లక్షలకి పైగా పిల్లలకి చుక్కలు వేశారు. దాంతో యుద్ధం ఆగిపోలేదు. పిల్లవాడి నోట్లో రెండు చుక్కలు వేయడానికి సైన్యాలు ఆగగలవని తేలిన తర్వాత కూడా మిగతా రోజులు ఎందుకు ఆగవన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఐదున్నర లక్షల మంది పిల్లలు చిన్న సంఖ్య కాదు.

లెక్కల విషయానికి వద్దాం, నీ ప్రకటనల ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ప్రతి యుద్ధంలో చనిపోయినవాళ్ల సంఖ్య కూడా ఒక యుద్ధమే. ఇరాక్ మీద 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వే సుమారు 6 లక్షల 55 వేల అదనపు మరణాలు అంది, అమెరికా అధ్యక్షుడు బుష్ అది నమ్మదగింది కాదన్నాడు. 2008లో ఇంకో పెద్ద సర్వే దాదాపు అదే కాలానికి హింస వల్ల పోయినవాళ్లు లక్షా 51 వేలు అంది. మొదటి సర్వే చేసినవాళ్లు తమ పద్ధతి వివరాలన్నీ బయటపెట్టలేదని తర్వాత వృత్తి సంఘాల నుంచి విమర్శలు ఎదుర్కొన్నారు. అంటే మంచి ఉద్దేశం ఉంటే చాలదు, ప్రతి ఫారమ్ దాచిపెట్టాలి, ఎవరు అడిగినా చూపించగలగాలి. లేకపోతే నువ్వు ఎవరికోసం లెక్కపెట్టావో ఆ చనిపోయినవాళ్లకే అన్యాయం జరుగుతుంది. గాజా విషయంలో 2025 జనవరిలో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం వేరే దారిలో వెళ్లింది. ఆస్పత్రుల జాబితా, ఆన్‌లైన్ సర్వే, సోషల్ మీడియా సంతాప పోస్టులు, ఈ మూడు జాబితాల్లో పేర్లు ఎంతవరకు కలుస్తున్నాయో చూసి, ఏ జాబితాలోనూ లేనివాళ్లు ఎంతమంది ఉండొచ్చో గణితంతో అంచనా కట్టింది. 2024 జూన్ ఆఖరుకి గాయాలతో పోయినవాళ్లే సుమారు 64 వేలు అని తేల్చింది, అప్పటి అధికారిక సంఖ్య 38 వేల లోపే. పేర్లు రాసిపెట్టినవాళ్లు లేకపోతే ఇలాంటి పని సాధ్యమే కాదు.

రికార్డు ఉన్నచోట ప్రకటనకి బలం వస్తుంది. మందుపాతరలు చూడు. 1980ల చివర్లో, 90ల్లో అఫ్గాన్ సరిహద్దులో, కంబోడియాలో రెడ్‌క్రాస్ ఆస్పత్రుల సర్జన్లు మందుపాతర గాయాల్ని విడిగా నమోదు చేయడం మొదలుపెట్టారు. కాలు ఎక్కడ తెగింది, ఎన్ని ఆపరేషన్లు, ఎంత రక్తం, ఎన్నాళ్లు ఆస్పత్రిలో ఉన్నారు, రోగి సైనికుడా, పొలం పనికి వెళ్లిన ఆడమనిషా, మేకలు కాసే పిల్లవాడా. పిల్లల విషయం మరీ ఘోరం, ఎముక పెరుగుతూ ఉంటుంది కాబట్టి తెగిన కాలికి మళ్లీ మళ్లీ ఆపరేషన్ చేయాలి, ఎదుగుతున్న కొద్దీ కృత్రిమ కాలు మార్చాలి. ఈ రికార్డుల ఆధారంగా 1994లో రెడ్‌క్రాస్ సంపూర్ణ నిషేధం కోరింది, ఎన్నో సంఘాలు కలిశాయి, 1997లో ఒట్టావాలో ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. మన దేశం సంతకం పెట్టలేదు. అయినా మన జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు అఫ్గానిస్తాన్‌లో ఎంతోమంది మందుపాతర బాధితుల్ని నడిపించింది, అది వేరే కథ. 2025లో ఫిన్లాండ్, పోలండ్, మూడు బాల్టిక్ దేశాలు ఈ ఒప్పందం నుంచి బయటికి వెళ్లాలని నిర్ణయించుకున్నాయి. గెలిచింది శాశ్వతం అనుకోవద్దని అందుకే చెబుతున్నాను.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 1958 నుంచి డాక్టర్ లూయిస్ రైస్ అనే ఆవిడ నడిపిన అధ్యయనం ఇంకో ఉదాహరణ. పిల్లల ఊడిన పాలపళ్లు పోస్టులో పంపమని తల్లిదండ్రుల్ని అడిగారు, లక్షల్లో వచ్చాయి. అణుపరీక్షల ధూళిలోని స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు తిని, పాలలోంచి పిల్లల పళ్లలో చేరుతోందని అంకెలతో తేలింది. వాతావరణంలో అణుపరీక్షలు ఆపే 1963 ఒప్పందానికి ప్రజల మద్దతు కూడగట్టడంలో అది గట్టిగా పనిచేసింది. తర్వాత 1980లో బెర్నార్డ్ లౌన్ అనే అమెరికన్ గుండె డాక్టర్, యెవ్‌గెని చాజోవ్ అనే సోవియట్ గుండె డాక్టర్ కలిసి అణుయుద్ధ వ్యతిరేక వైద్యుల సంఘం పెట్టారు, 1985లో ఆ సంఘానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. వాళ్లు చెప్పింది ఒక్కటే, అణుబాంబు పడితే మేమేమీ చేయలేం, మా మీద ఆశ పెట్టుకోకండి అని. హిరోషిమాలో నూటికి 90 మంది డాక్టర్లు, నర్సులు చనిపోవడమో గాయపడటమో జరిగింది. పక్కపక్కనే రెండు అణ్వస్త్ర దేశాలున్న మన ఉపఖండంలో ఏ డాక్టరూ ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు.

ఆస్పత్రుల మీద దాడుల గురించి నిజం చెప్పాలి. చట్టం స్పష్టంగా ఉంది. 1949 నాలుగో జెనీవా ఒప్పందంలోని 18వ అధికరణం పౌర ఆస్పత్రుల మీద దాడి చేయకూడదంటుంది. ఆస్పత్రిని శత్రువుకి హాని చేసే పనికి వాడితేనే ఆ రక్షణ పోతుంది, అప్పుడు కూడా ముందు హెచ్చరించి, తగినంత సమయం ఇవ్వాలి. అయినా 2015 అక్టోబర్ 3న అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో ఎంఎస్ఎఫ్ ట్రామా ఆస్పత్రి మీద అమెరికా విమానం కాల్పులు జరిపింది. 42 మంది చనిపోయారు, అందులో 14 మంది సిబ్బంది. ఆస్పత్రి జీపీఎస్ వివరాలు ముందే ఇచ్చి ఉన్నారు. పొరపాటు అన్నారు, 16 మంది మీద శాఖాపరమైన చర్యలు తీసుకున్నారు, క్రిమినల్ కేసు లేదు, ఎంఎస్ఎఫ్ అడిగిన స్వతంత్ర అంతర్జాతీయ విచారణ జరగలేదు. 2016 మేలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఇలాంటి దాడుల్ని ఖండిస్తూ 2286వ తీర్మానం చేసింది, దాని తర్వాత కూడా సిరియా, యెమెన్, ఉక్రెయిన్, గాజా, సూడాన్‌లలో ఆస్పత్రులు కూలుతూనే ఉన్నాయి. ఉక్రెయిన్‌లో మొదటి 15 నెలల్లోనే వైద్యసేవల మీద వెయ్యికి పైగా దాడుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. సిరియాలో 2012లో తెచ్చిన చట్టాలతో ప్రభుత్వ వ్యతిరేకులకి వైద్యం చేయడమే నేరమైపోయింది. కాబట్టి ప్రకటన వల్ల దాడులు ఆగాయని నేను చెప్పను. కానీ తేదీ, సమయం, సాక్షి పేరు, ఎక్స్‌రే, పోస్ట్‌మార్టం రిపోర్టు ఉన్న ఫైలు పదేళ్ల తర్వాతైనా కోర్టులో నిలబడుతుంది. ఆ ఫైలు రాయగలిగింది డాక్టర్లే.

మన వృత్తిని మొత్తం దేవుళ్లని చేయొద్దు కూడా. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1946 డిసెంబర్‌లో మొదలైన నాజీ డాక్టర్ల కేసులో 23 మంది నిందితులు, 20 మంది డాక్టర్లే, ఖైదీల మీద చేసిన ప్రయోగాలకి. ఏడుగురిని ఉరితీశారు. జపాన్ సైన్యంలో యూనిట్ 731 అనే ప్రయోగాల విభాగం డాక్టర్లు మంచూరియాలో బతికున్న మనుషుల్ని కోశారు, వాళ్ల డేటా కోసం అమెరికా వాళ్లని కేసు లేకుండా వదిలేసింది. డాక్టర్లు చేసే 1948 జెనీవా ప్రమాణం ఈ నేపథ్యంలోంచే వచ్చింది. నీ కాన్వొకేషన్‌లో చదివించే ప్రమాణం దాని రూపమే అయి ఉంటుంది, చదివేటప్పుడు ఇది గుర్తుంచుకో.

మనసు మీద పడే దెబ్బ గురించి తక్కువే రాస్తున్నా, అది నా రంగం కాదు. అంతకు ముందు పదేళ్లలో ఘర్షణ జరిగిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కశ్మీర్ లోయలో 2015 సర్వేలో పెద్దవాళ్లలో 45 శాతం మందిలో తీవ్రమైన మానసిక ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. ఇవి ఒక్క సైకియాట్రిస్ట్‌తో తీరేవి కావు, మామూలు డాక్టర్లు, నర్సులు, టీచర్లు నేర్చుకుని చేయాలి.

ఇక నీ సంగతి. సర్జన్ అవ్వు, మంచిదే, కానీ ఒక్క అవయవానికి స్పెషలిస్ట్ అయ్యి అక్కడికి వెళితే పెద్దగా ఉపయోగపడవు. సిజేరియన్ నీ చేత్తో చేయగలగాలి, యుద్ధ ప్రాంతాల్లో థియేటర్ సమయం చాలా భాగం కాన్పులకే పోతుంది. స్పైనల్ ఇవ్వడం, కెటమిన్‌తో మత్తు ఇవ్వడం రావాలి. ఎముక విరిగితే ట్రాక్షన్ (బరువుతో లాగి ఎముకని సరిచేసి పెట్టడం), కాలిన గాయాలకి స్కిన్ గ్రాఫ్ట్, సీటీ స్కాన్ లేకుండా చేత్తో పొట్ట నొక్కి నిర్ణయం తీసుకోవడం. తీవ్రంగా చిక్కిపోయిన పిల్లలకి ఒక్కసారిగా ఎక్కువ తిండి, ఎక్కువ సెలైన్ ఇస్తే చనిపోతారన్న సంగతి ఒంట్లో ఇంకాలి. ఇవన్నీ మన జిల్లా ఆస్పత్రుల్లోనే నేర్చుకోవచ్చు, కార్పొరేట్ ఆస్పత్రిలో దొరకవు. ఎంఎస్ఎఫ్ లాంటి సంస్థలు సాధారణంగా పీజీ తర్వాత రెండేళ్లయినా అనుభవం అడుగుతాయి, ఫ్రెంచ్ గానీ అరబిక్ గానీ వస్తే అవకాశాలు బాగా పెరుగుతాయి. రెడ్‌క్రాస్ వాళ్ల వార్ సర్జరీ పుస్తకం వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మొదటి భాగం ఇప్పుడే చదువు, ఎగ్జామ్ టెన్షన్‌లో ఉన్నా రోజుకి నాలుగు పేజీలు చదవొచ్చు. హౌస్ సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్ ఎగ్గొట్టకు. ఊళ్లో డయేరియా వస్తే లైన్ లిస్ట్ (ఒక్కో రోగి వివరాలు వరసగా ఉండే పట్టిక) రాయడం, ఏ బోరు దగ్గర మొదలైందో మ్యాప్ మీద గుర్తుపెట్టడం అక్కడే అలవాటవుతుంది.

పిటిషన్ల మీద సంతకం పెట్టాలా అంటే, పెట్టు, కానీ పెట్టేముందు అందులో రాసిన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడుగు. అన్ని వైపుల ఆస్పత్రులకీ అదే మాట చెబుతోందా చూడు. ఒక దేశం పేరుంటేనే సంతకం పెట్టే డాక్టర్ల మాట రెండోసారి ఎవరూ వినరు.

మీ అక్క విషయంలో ఒక్క మాట. ఖార్కివ్‌లో 2022 మార్చి 1న షెల్లింగ్‌లో చనిపోయిన కర్ణాటక అబ్బాయి కూడా వైద్య విద్యార్థే. బంకర్లలో రోజుల తరబడి ఉండి, సరిహద్దు దాకా నడిచి వచ్చిన మన తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు. ఇప్పటికీ పెద్ద శబ్దానికి ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం ఉంటే అది బలహీనత కాదు, చికిత్స ఉన్న విషయం, ఒకసారి సైకియాట్రిస్ట్‌కి చూపించమను. చదువు ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు పోలికలు పెట్టకుండా నువ్వే చూసుకో. అక్కడ తన ఆస్పత్రిలో, హాస్టల్‌లో ఏం చూసిందో ఆమెకి ఇష్టమైతే తేదీలతో సహా రాసిపెట్టమను, ఎవరికీ చూపించాల్సిన అవసరం లేదు, నోట్‌బుక్ ఆమె దగ్గరే ఉంచుకోనీ.